కుక్క పట్టిన పిల్లల కోడి: పురుగులు పడ్డ వీపు గాయం మానిన తీరు (కేస్ స్టడీ)

గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు ఒక ఇంటి పెరట్లో చూసిన కేసు ఇది. నాటు పెట్ట, డేగ రంగు, వయసు రెండేళ్లు దాటింది, వంటింటి కాటా మీద 1.4 కిలోలు తూగింది, దాని వెనక మూడు వారాల పిల్లలు ఏడు. శ్రావణ మాసం, రోజూ సాయంత్రానికి వాన, ఎటు చూసినా ఈగలు. వీధికుక్క గోడ దూకి పిల్లల మీదకొస్తే తల్లి ఎదురు తిరిగింది, కుక్క దాని వీపు పట్టి విదిలించింది, ఇంట్లో కుర్రాడు కర్ర తీసుకుని మీదకెళితే వదిలేసి పారిపోయింది. కోడి కట్టెల మోపు కిందకి దూరి ఆ రాత్రంతా బయటికి రాలేదు. తెల్లారాక పట్టుకుని చూస్తే వీపు మీద ఈకలు రక్తంతో అట్టకట్టి ఉన్నాయి, పక్కింటివాళ్లు చెప్పారని కాఫీ పొడి, పసుపు కలిపి దట్టంగా అద్ది గంప కింద పెట్టారు. ఆ మర్నాటికి వాసన మొదలైంది, అప్పుడు నాకు ఫోన్ చేశారు.

నేను పశువైద్యశాలలో చాలా ఏళ్లు కాంపౌండర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ణి, డాక్టర్ని కాదు. ఇప్పుడు చుట్టుపక్కల పెరట్లో, డాబాల మీద కోళ్లు పెంచుకునేవాళ్లకి ఇంటి వైద్యం, ఆకు మందులు చెప్తూ ఉంటా. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఒకటుంది, గాయం అనగానే అందరూ అడిగే మొదటి మాట "ఏ ఆకు రాయాలండి" అని, నా లెక్కలో ఆకు నాలుగో పని. ముందు కోడి కుదుటపడాలి, తర్వాత గాయం కడగాలి, తర్వాత ఈగ వాలకుండా చూడాలి, ఈ మూడూ అయ్యాకే ఏ ఆకైనా పని చేస్తుంది.

వెళ్లగానే కోడి కంటే ముందు ఆ కుర్రాడి చెయ్యి చూశా, ఎందుకంటే కుక్కని తోలేటప్పుడు పన్ను గీరుకుందని ఫోన్లోనే చెప్పింది వాళ్లమ్మ. మణికట్టు దగ్గర చిన్న గీత, రక్తం కొద్దిగా వచ్చి ఎండిపోయింది. "ఏముంది బాబాయ్ గారూ, గీతే కదా" అంటుంది ఆవిడ. "గీతైనా సరేనమ్మా, ముందు సబ్బు పెట్టి కుళాయి కింద పావుగంట కడిగించు, ఇప్పుడే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, జీజీహెచ్‌కి పంపించు" అని పంపించేశా. రేబిస్ పాలిచ్చే జంతువుల జబ్బు, కోడి వల్ల మనకి వస్తుందన్న భయం అక్కర్లేదు, కానీ కుక్క పన్ను మన చర్మానికి తగిలితే టీకా ఆలస్యం చేయకూడదు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో ఐతే మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, అన్నీ పూర్తి చేయాలి. కుక్క నోరు పెట్టిన కోడిని పట్టుకునేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, చేతి మీద పుండ్లు ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకండి.

ఇక కోడి. గంప ఎత్తితే నించునే ఉంది కానీ తోక వాలిపోయింది, ఒళ్లంతా ఈకలు ఉబ్బించుకుని కళ్లు అరమూసుకుని ఉంది. తల మీది ఎర్ర జుట్టు పాలిపోయింది, అంటే రక్తం బాగానే పోయింది. పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, మన చేతికి దాని పాదం వెచ్చగా తగలాలి, చల్లగా ఉందంటే అది షాక్‌లో ఉన్నట్టు లెక్క. అలాంటప్పుడు గాయం కెలికితే చేతుల్లోనే ప్రాణం పోతుంది. అందుకని గాయం జోలికి పోలేదు. అట్టపెట్టెలో పాత చీర ముక్క పరిచి, ఒక వాటర్ బాటిల్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టి, పెట్టె మీద సగం మూసి, మనుషుల అలికిడి లేని గదిలో పెట్టించా. మే నెల ఎండల్లో ఐతే దీనికి పూర్తిగా తిరగేసి చేయాలి, గుంటూరు, బెజవాడ ఎండకి కోడి నోరు తెరుచుకుని రొప్పుతుంటే బాటిల్ వెచ్చగా కాదు చల్లగా పెట్టాలి, గాలి ఆడాలి.

నీళ్లు తాగించడం దగ్గర చాలా కోళ్లు చచ్చిపోతున్నాయి, ఇది గట్టిగా చెప్పాలి. నోరు తెరిచి గ్లాసుతో పోసేస్తారు, కోడికి గాలి గొట్టం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు కొనని నీళ్లలో ముంచితే ఓపిక ఉన్న కోడి తనే తాగుతుంది, లేకపోతే ముక్కు పక్కన ఒక్కో చుక్క వేస్తూ అది మింగాకే ఇంకో చుక్క వేయాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూన్ ఉప్పు, మన పిల్లలకి విరేచనాలైనప్పుడు ఇచ్చేదే. అవి మొదటి రోజు వరకే, తర్వాత మామూలు మంచినీళ్లు. గంట దాటాక పాదాలు కాస్త వెచ్చబడ్డాయి, కళ్లు తెరిచి మమ్మల్ని చూసింది, అప్పుడు బయటికి తీశాం.

ఇంటావిడ అత్తగారు కోడిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు, పట్టుకునే చెయ్యి ఆవిడదే చెయ్యి, రెక్కలు ఒత్తకుండా, రొమ్ము మీద బరువు పడకుండా పట్టారు. కోడికి మనలాగా ఊపిరి ఆడటానికి డయాఫ్రమ్ ఉండదు, రొమ్ము ఎముక పైకీ కిందకీ ఆడితేనే గాలి తీసుకుంటుంది, గట్టిగా అదిమితే ఊపిరాడక పోతుంది.

గాయం చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించా, పీకలేదు, పీకితే చర్మం ఇంకా చిరుగుతుంది. కాఫీ పొడి, పసుపు కలిసి పెచ్చు కట్టి ఉంది. పసుపులో సూక్ష్మజీవుల్ని అణిచే గుణం ఉంది, కాదనను, కానీ కడగని గాయం మీద పొడిగా దట్టిస్తే పైన పెచ్చు కట్టి కింద కుళ్లు మూసుకుపోతుంది. ఇక్కడ జరిగింది అదే. ఉప్పునీళ్లతో తడిపి తడిపి పెచ్చు మెత్తబడ్డాక ఎత్తితే కింద చర్మం అరచెయ్యి అంత మేర చిరిగి మడత పడి ఉంది, ఆ మడత లోపల పురుగులు. ఈగ గుడ్లు ఈ వాతావరణంలో ఒక్క రోజులోనే పిల్లలైపోతాయి. తోక మొదట్లో ఈకల సందుల్లో తెల్లటి గుడ్లు ఇంకా గుత్తులుగా అంటుకుని ఉన్నాయి, వాటిని చూడకుండా వదిలేస్తే మర్నాడు మళ్లీ అంతే పురుగు.

లోపలికి కొట్టిన గాయమా కాదా అన్నది అన్నిటికంటే ముఖ్యం. కోడికి గాలి తిత్తులు ఒళ్లంతా వ్యాపించి ఉంటాయి, పన్ను వాటిలోకి దిగితే గాయంలో ఉప్పునీళ్లు పోసినప్పుడు ఊపిరితో పాటు బుడగలు వస్తాయి, లేదా చర్మం కింద గాలి చేరి ఉబ్బి, నొక్కితే చిటపటమంటుంది. అలా ఉంటే సిరంజితో నీళ్లు కొట్టకూడదు, నీళ్లు ఊపిరిలోకి పోతాయి, ఉన్నపళంగా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. దీనికి బుడగలు లేవు, ఎముక కనపడలేదు, రెక్కలు రెండూ సమంగా ముడుస్తుంది. ఇంట్లో మొదలుపెట్టొచ్చు అనిపించింది.

కడగాలంటే ముందు పురుగు బయటికి రావాలి, అందుకని సీతాఫలం ఆకు లేతవి గుప్పెడు నూరి ఆ ముద్ద గాయం మడతలో పెట్టా, ఇది గాయం మాన్పే ఆకు కాదు. పురుగు పట్టిన పుండ్లకి ఇది మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే, పశువుల పుండ్లకి ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి సంస్థ) వాళ్లు ప్రచారం చేసే సంప్రదాయ వైద్యంలో కూడా పురుగులుంటే మొదటి రోజు సీతాఫలం ఆకు ముద్ద అనే ఉంటుంది. కాసేపటికి పురుగులు కదిలి పైకి రావడం మొదలైంది, టార్చి లైటు వెలుతురులో ట్వీజర్‌తో ఒక్కోటి తీసి ఉప్పునీళ్ల గిన్నెలో వేశాం. ఆకు మాత్రమే వాడండి, గింజల పొడి వద్దు, అది కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది, మనిషికైనా కోడికైనా. తల మీద, కంటి దగ్గర గాయమైతే ఆకు ముద్ద కూడా వద్దు, ఓపిగ్గా ట్వీజర్‌తోనే తీయాలి. కర్పూరం కలిపిన కొబ్బరినూనె కూడా చెప్తారు, గేదెకి సరే, కిలోన్నర కూడా లేని కోడికి కర్పూరం నేను వాడను. కిరోసిన్, ఫినాయిల్, ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లు ఉన్నారు, పురుగుతో పాటు మంచి కండ కూడా కాలిపోతుంది, దయచేసి పోయకండి.

తర్వాత కడగడం. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ బాటిల్ తెప్పించి 20 ఎంఎల్ సిరంజితో, సూది లేకుండా, మడతల్లోకి కొడుతూ వచ్చిన నీళ్లు తేటగా అయ్యేదాకా కడిగాం, దాదాపు బాటిల్ అంతా పట్టింది. బాటిల్ దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టి ఒకటిన్నర టీ స్పూన్లు. చివర్లో బెటడిన్ ఒక వంతుకి పది వంతుల నీళ్లు కలిపి ఒకసారి పోశాం. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ వస్తుంటే బాగా క్లీన్ అవుతోందని రోజూ పోస్తుంటారు, అది కొత్తగా వచ్చే కండని కూడా చంపుతుంది.

ఆ మర్నాడు పొద్దున్నే దాన్ని పశువైద్యశాలకి తీసుకెళ్లాం. కుక్క పన్ను పైన కనిపించే రంధ్రం చిన్నది, లోపల నలిపేది ఎక్కువ, క్రిములు లోతుగా దింపేసి పోతుంది. ఆకు మందు అక్కడిదాకా పోదు. డాక్టర్ గారు యాంటీబయాటిక్ ఐదు రోజులకి, నొప్పికి మెలాక్సికామ్ దాని బరువుకి తగ్గట్టు రాసిచ్చారు, చచ్చిన చర్మం అంచులు కత్తిరించారు, కుట్లు వేయలేదు, పురుగు పట్టిన గాయాన్ని మూసి కుడితే లోపల చీము పడుతుంది కాబట్టి తెరిచి ఉంచే మాన్పమన్నారు. సహజ వైద్యం అంటే మందు బిళ్ల ముట్టుకోకూడదు అని పట్టుపట్టేవాళ్లు నాకు కనపడుతుంటారు, కుక్క కాటుకి, పిల్లి కాటుకి ఆ పట్టుదల వద్దండి, ప్రాణం పోయేది కోడికి. అలాగే ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి బిళ్ల విరిచి వేయడం కూడా వద్దు, డైక్లోఫెనాక్ వల్ల రాబందులు కిడ్నీలు పోయి చచ్చిపోతున్నాయనే 2006లో పశువులకి వాడటం మన దేశంలో నిషేధించారు, కోడి కిడ్నీకి కూడా అది విషమే.

మూడో రోజుకి ఇంట్లో మళ్లీ గాభరా. గాయం చుట్టూ చర్మం ఆకుపచ్చగా మారింది, కుళ్లిపోయింది, కోసేద్దామా అని అత్తగారు అడిగారు. చూస్తే అది కమిలిన చోటు. మనకి దెబ్బ తగిలితే నల్లగా, నీలంగా కములుతుంది, కోడికి ఆకుపచ్చగా కములుతుంది, రక్తం విరిగినప్పుడు తయారయ్యే ఆకుపచ్చ పదార్థం దాని ఒంట్లో మనలాగా పసుపు రంగులోకి మారదు. వాసన లేదు, ముట్టుకుంటే వెచ్చగా ఉంది, అంటే రక్తం ఆడుతోంది. నల్లగా, చల్లగా, కంపు కొడుతుంటే అది కుళ్లు. ఈ ఒక్క తేడా తెలియక బతకాల్సిన కోళ్లని కోసేసుకుంటున్నారు. ఇంకోటి కూడా చెప్పాలి, కోడికి చీము మనలాగా కారదు, విరిగిన పాల ముద్దలా గట్టిగా ఉంటుంది, అందుకని చీము కారట్లేదు కదా అని ఊరుకోకుండా చర్మం కింద గట్టి గడ్డ తగులుతోందేమో రోజూ వేలితో తడిమి చూడాలి.

పురుగు పూర్తిగా పోయి, ఎర్రటి కొత్త కండ కనపడటం మొదలయ్యాక తేనె మొదలుపెట్టాం. తేనె గాయంలో ఉన్న తడిని లాగేస్తుంది, పుల్లటి గుణం, క్రిమి పెరగదు. కాచిన తేనె, పాకం కలిపిన తేనె పనికిరావు. తేనెతో ఉన్న చిక్కల్లా చీమలు, ఈగలు. అందుకని తేనె రాసిన గాజ్ గుడ్డ (కట్లకి వాడే పలచటి గుడ్డ) గాయం మీద వేసి, కుర్రాడి పాత బనియన్ కత్తిరించి రెక్కలకి రెండు కంతలు పెట్టి కోడికి చొక్కాలా తొడిగారు, పొట్ట కింద రెండు ముడులు. మొదట వెనక్కి వెనక్కి నడిచింది పాపం, అర పూటలో అలవాటు పడింది. పెట్టెని స్టూలు మీద పెట్టి స్టూలు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టారు, చీమ ఎక్కలేదు. వేపనూనె గాయానికి దూరంగా చుట్టూ ఉన్న మంచి ఈకల కొసలకి మాత్రం పలచగా తుడిచాం ఈగ రాకుండా. పచ్చి పుండు మీద వేపనూనె మండుతుంది, వేయకండి.

కండ నిండి గాయం మట్టంగా అయ్యాక నూనె మందు. ఎన్‌డీడీబీ పుండ్ల నూనె పశువుకి అర లీటరు లెక్కన చెప్తారు, నేను కోడికి అందులో ఐదో వంతు చేయిస్తా. 100 ఎంఎల్ కొబ్బరినూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు, పసుపు ఒక టీ స్పూన్ కంటే కొంచెం ఎక్కువ, కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు తలా నాలుగు రెమ్మలు. ఆకులు నూరి నూనెలో సన్న సెగ మీద చిటపటలు ఆగేదాకా కాచి వడకట్టాలి, తడి మిగిలితే నూనె బూజు పడుతుంది. దూదితో పలచగా రోజుకి ఒకసారి, అంతే. ధారగా పోస్తే ఈకలు అంటుకుపోయి వానాకాలం చలికి కోడి వణుకుతుంది, పైగా అది ముక్కుతో పొడుచుకుని మింగుతుంది.

పిల్లల సంగతి చెప్పలేదు కదా. మొదటి రోజు తల్లికి మేత పెడితే ముట్టలేదు, నూకలు, సజ్జలు, అన్నం, ఏదీ ముట్టలేదు, రెట్ట పచ్చగా పడింది. పచ్చ రెట్ట అనగానే కొక్కెర తెగులు (రాణికెట్) అని భయపడ్డారు, మేత లేక ఉత్త పైత్యం పడినా పచ్చగానే ఉంటుంది, మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం, గురక లాంటివి లేవు. బయట పిల్లలు అరుస్తుంటే ఇది పెట్టెలోంచి మెడ సాచి చూస్తోంది. పిల్లల్ని దానితో కలపలేం, ఎర్రగా కనపడితే పొడుస్తాయి, సొంత పిల్లలైనా సరే. అందుకని వైరు మెష్ అడ్డం పెట్టి అటు పిల్లలు, ఇటు తల్లి, ఒకదానికొకటి కనపడేలా పెట్టాం, రాత్రికి పిల్లల వైపు మూలన 40 వాట్ల బల్బు. ఆ సాయంత్రం మెష్ అవతల పిల్లలకి నూకలు చల్లితే తల్లి ఇటు నుంచి వాటిని పిలిచే పిలుపు పిలిచింది, ముక్కుతో ఒక గింజ ఎత్తి కింద పడేసి, మళ్లీ ఎత్తి పడేసి, చివరికి తనే మింగింది. అక్కడి నుంచి మేత పట్టింది. నేను ఇన్నేళ్లలో వాడిన ఏ టానిక్ కూడా అంత పని చేయలేదని చెప్పగలను.

మేతలో ఉడికించిన గుడ్డు పొడిచేసి కొద్దిగా, మునగాకు సన్నగా తరిగి, సజ్జలు, నానబెట్టిన రాగులు. కొత్త చర్మం పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి, ఉత్త నూకలు, తవుడుతో గాయం నత్తనడక. రోజూ పొద్దున్నే మేత పెట్టకముందు మెడ కింద మేత తిత్తి తడిమి చూడమన్నా, రాత్రి తిన్నది అరిగి ఖాళీగా ఉండాలి, పొద్దున కూడా నిండుగా, గట్టిగా ఉంటే అరుగుదల ఆగిందని అర్థం. కాటా మీద బరువు కూడా రాసిపెట్టుకున్నారు, 1.4 నుంచి 1.2 దాకా దిగింది, రెండో వారంలో మళ్లీ ఎక్కడం మొదలైంది. బరువు దిగుతూనే ఉంటే గాయం పైకి ఎంత అందంగా కనపడినా లోపల ఏదో ఉన్నట్టే.

నెల తిరిగేసరికి గాయం మూసుకుంది. కత్తిరించిన ఈకల మొదళ్లు అలాగే ఉన్నాయి, అవి మళ్లీ ఈకలు రాల్చే కాలం దాకా పెరగవు, మధ్యలో మచ్చ పడ్డ చోట అసలు రావు, అందుకని ఎండలో వీపు కాలకుండా బనియన్ చొక్కా ఇంకొన్నాళ్లు ఉంచమన్నా. మిగతా పెట్టల్లో కలిపేటప్పుడు ఒక్కసారిగా వదల్లేదు, చీకటి పడ్డాక గూట్లో పెట్టారు, పొద్దున లేచేసరికి కొట్లాట తక్కువ. యాంటీబయాటిక్ వాడిన కోడి కాబట్టి డాక్టర్ గారు చెప్పిన గడువు దాటేదాకా గుడ్లు పెట్టినా తినొద్దన్నాం, అది పిల్లల కోడి కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

ఈ పద్ధతంతా ఒక్క కోడికి దెబ్బ తగిలినప్పటి సంగతి. రెండు మూడు కోళ్లు ఒక్కసారిగా ముడుచుకున్నా, పొద్దున లేచేసరికి చచ్చి పడి ఉన్నా, జుట్టు నల్లబడినా, ఆకులు నూరుతూ కూర్చోకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ, మన పక్కన ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం వైపూ బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుంది కదా. చచ్చిన కోడిని కోయొద్దు, కాలవలో పారేయొద్దు, పశువైద్యశాలకి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి.

ఆ ఇంట్లో ఇక మిగిలిన పని పిల్లలది. ఏడూ బతికాయి కానీ ఒక్కదానికీ టీకా లేదు, కుక్క కంటే కొక్కెర తెగులు ఎక్కువ కోళ్లని తీసుకుపోతుంది ఏటేటా. ఆ తెగులు రాకుండా వారం లోపు పిల్లకి కంట్లో వేసే లసోటా టీకా చుక్క దాటిపోయింది, ఐనా డాక్టర్ గారిని అడిగి ఇప్పుడైనా ఆ చుక్క వేయించమని, ఎనిమిది వారాలకి అదే తెగులుకి ఆర్2బి ఇంజెక్షన్, దాని తర్వాత కొన్నాళ్లు ఆగి అమ్మోరు టీకా అని కాలెండర్ మీద రాయించా. టీకా సీసా (వయల్) తెరిచాక కొద్ది గంటల్లోనే వాడేయాలి, ఐసు మీదే తేవాలి, ఒక్క ఇంటి పిల్లలకి వయల్ అంతా పట్టదు కాబట్టి ఆ వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు పొద్దున్నే వేయించుకునేలా మాట్లాడుకున్నారు.